గ్రీన్‌బ్యాక్ ట్రౌట్ మీద సినిమా తీయాలంటే

ప్రశ్న: డెన్వర్‌లో ఉంటున్నాను. గ్రీన్‌బ్యాక్ ట్రౌట్ కోసం కొండలెక్కి చేసే ఫ్లై ఫిషింగ్ మీద చిన్న సినిమా తీయాలనుంది. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు

జవాబు: కెమెరా కంటే ముందు చోటు తేల్చుకోండి. 1937 నాటికే అంతరించిందనుకున్న చేప ఇది. అసలైన గ్రీన్‌బ్యాక్‌లు కొలరాడో స్ప్రింగ్స్ దగ్గరి బేర్ క్రీక్‌లోనే మిగిలాయని 2012లో డీఎన్ఏ పరిశోధన తేల్చింది. ఆ వాగులో గాలం వేయకూడదు. వాటి సంతతిని వదిలిన జిమ్మర్‌మన్ లేక్ లాంటి చోటికి వెళ్లండి. నిబంధనలు ఏటా మారొచ్చు, బయల్దేరే ముందు చూసుకోండి. వైల్డర్‌నెస్ ప్రాంతాల్లో డ్రోన్ ఎగరేయనివ్వరు.

లెన్స్‌కు పోలరైజింగ్ ఫిల్టర్ తప్పనిసరి. దాన్ని మెల్లగా తిప్పుతుంటే నీటి మీది మెరుపు తగ్గి, రాళ్ల మధ్య ప్రవాహానికి ఎదురు నిలబడ్డ చేప కనిపిస్తుంది. తోక వైపు పెద్ద నల్లచుక్కలు, దవడ కింద ఎర్రటి గీతలు. నా దృష్టిలో మీ సినిమాకు ప్రాణం ఆ షాటే. చేపను పైకెత్తి నవ్వే షాట్లు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి.

ముల్లు లేని కొక్కెమే వాడండి. చేతులు తడిపాకే చేపను ముట్టుకోండి. అది వలలో, నీళ్లలోనే ఉండగా ఫోకస్, ఎక్స్‌పోజర్ సరిచూసుకుని, పది సెకన్లు మించకుండా పైకెత్తించండి. షాట్ చెడితే చెడనివ్వండి, రెండోసారి ఎత్తించొద్దు.