సురభి కమలాబాయి

ప్రవేశిక

నాటకం క్షణంలో పుట్టి క్షణంలో అంతరించే కళ. తెర వాలిన తరువాత నటీనటుల ప్రతిభ ప్రేక్షకుల జ్ఞాపకాలలోనే మిగులుతుంది. ఆ జ్ఞాపకాలను శాశ్వతం చేయగల సాధనంగా చలనచిత్రం ఆవిర్భవించింది. ఈ రెండు కళల సంధికాలంలో నిలిచిన నటీమణి సురభి కమలాబాయి. రంగస్థలంపై పెరిగి, తెలుగు వెండితెరపై మాట్లాడిన తొలి కథానాయికగా చరిత్రకెక్కిన ఆమె జీవితాన్ని, ఆమెను తీర్చిదిద్దిన సురభి సంప్రదాయాన్ని విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఒకనాడు మన నాటక సమాజాలలో స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. కులస్త్రీలు రంగస్థలమెక్కడాన్ని సంఘం అంగీకరించలేదు. నటించే స్త్రీని చులకనగా చూసే కాలమది. అందువల్ల స్త్రీ పాత్రల అభినయం పురుష నటుల ప్రత్యేక విద్యగా వికసించింది. సత్యభామ, చిత్రాంగి, రోషనార మొదలైన పాత్రలలో స్థానం నరసింహారావు చూపిన నైపుణ్యం తెలుగువారికి సుపరిచితం. భారత ప్రభుత్వం ఆయనను 1956లో పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. ఆ కళ ఎంత గొప్పదైనా, స్త్రీలకు తమ కథను తామే పలికే అవకాశం ఆనాటి రంగస్థలం మీద లేదన్నది కాదనలేని సత్యం. బళ్ళారి రాఘవ వంటి మహానటుడు స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టి, విద్యావతులను నాటకరంగానికి ఆహ్వానించవలసి వచ్చింది.

ఈ నియమానికి ప్రబలమైన మినహాయింపు సురభి నాటక సంస్థ. సురభి అన్నది మొదట ఒక గ్రామం పేరు. అది కడప మండలంలోనిది. మహారాష్ట్ర ప్రాంతం నుంచి తరలివచ్చి, తోలుబొమ్మలాట వృత్తిగా జీవించిన కుటుంబాలలో వనారస వంశం ఒకటి. ఆ వంశానికి చెందిన వనారస గోవిందరావు ప్రభృతులు 1885లో సురభి గ్రామంలో ‘కీచకవధ’ నాటకాన్ని ప్రదర్శించారు. తెర వెనుక బొమ్మలనాడించిన చేతులు ఆనాడు తెర ముందుకు వచ్చాయి. ఆ గ్రామనామమే క్రమంగా సంస్థకూ, ఆ కుటుంబాలకూ ఇంటిపేరువలె స్థిరపడింది.

సురభి వారిది కుటుంబ నాటక సమాజం. భర్త రాజు పాత్ర ధరిస్తే భార్య రాణి పాత్ర ధరిస్తుంది. పిల్లలు బాలపాత్రలు వేస్తారు. వృద్ధులు హార్మోనియం, తబలా వాయిస్తారు, తెరలు లాగుతారు, రంగులు పూస్తారు. ఊరూరా డేరాలు వేసుకొని సాగే ఆ సంచార జీవితంలో ఇంటికీ రంగస్థలానికీ మధ్య గోడ ఉండేది కాదు. కనుకనే స్త్రీ పాత్రలను తమ ఇంటి స్త్రీలచేతనే ధరింపజేయడానికి వారు సంకోచించలేదు. సంఘం వేసిన ప్రశ్నకు సురభి వారు వాదంతో బదులు చెప్పలేదు. కుటుంబమంతటినీ రంగస్థలంపై నిలబెట్టి బదులు చెప్పారు. నటి పక్కన ఆమె తండ్రి, భర్త, అన్నదమ్ములు ఉన్నప్పుడు వేలెత్తి చూపడం లోకానికి అంత సులభం కాదు.

ఇటువంటి కుటుంబంలో, ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దంలో కమలాబాయి జన్మించారు. ఆమె జననాన్ని గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. తల్లి వెంకూబాయి నిండు గర్భిణిగా ఉండి దమయంతి పాత్రను అభినయిస్తుండగా ప్రసవ వేదన ఆరంభమైందట. తెర దించిన కొద్దిసేపటికి రంగస్థలం మీదనే శిశువు జన్మించిందట. సంగతి తెలిసిన ప్రేక్షకులు ఆనందంతో కానుకలు సమర్పించారట. ఈ కథలో యథార్థమెంతో, కల్పన ఎంతో వేరుచేయడం నేడు కష్టం. అయితే నెలలు నిండిన స్త్రీ సైతం వేషం కట్టక తప్పని బతుకుతెరువును ఇది మనకు తెలుపుతున్నది. ప్రదర్శన ఆగితే పూట గడవని కుటుంబాలవి. ఆ కథలోని అద్భుతంతోపాటు, దాని వెనుకనున్న శ్రమను కూడ విద్యార్థులు గ్రహించాలి.

సురభి పిల్లలకు రంగస్థలమే తొలి పాఠశాల. కమలాబాయి కూడ ప్రహ్లాదుడు, కృష్ణుడు వంటి బాలపాత్రలతో ఆరంభించి, యుక్తవయస్సు వచ్చేసరికి ప్రధాన స్త్రీ పాత్రలకు ఎదిగారు. పద్యాన్ని రాగయుక్తంగా ఆలపించడం, మాటను చివరి వరుస ప్రేక్షకునికి సైతం వినిపించేట్లు పలకడం ఆనాటి నటులకు అత్యవసరమైన విద్యలు. అప్పటికి డేరాలలో మైకులు లేవు. శ్రోతలు ‘వన్స్‌మోర్’ అని కోరితే అదే పద్యాన్ని అదే స్థాయిలో మరల పాడవలసి ఉండేది. కమలాబాయి కంఠం ఆ కొలిమిలో రాటుదేలింది.

ఇంతలో భారతీయ చలనచిత్రం మాటలు నేర్చింది. అర్దేషిర్ ఇరానీ నిర్మించిన తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైంది. మూకీ చిత్రాలలో అందమైన రూపం, హావభావాలు ఉంటే చాలు. నటి ఏ భాష మాట్లాడినా నష్టం లేదు. టాకీ రాకతో ఆ పరిస్థితి తారుమారైంది. స్పష్టమైన ఉచ్చారణ, పాడగల కంఠం, కెమెరా ముందు నిలవగల ధైర్యం కలిగిన తెలుగు స్త్రీ కావలసివచ్చింది. అంతవరకు స్త్రీలను దూరముంచిన నాటక సమాజాలలో అటువంటి నటి లభించడం దుర్లభం. సురభి వారి ఇంట మాత్రం ఆమె సిద్ధంగా ఉన్నది.

హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో, సురభి వారి నాటకానుభవం ఆధారంగా, ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకాన్ని అనుసరించి ‘భక్తప్రహ్లాద’ బొంబాయిలో రూపొందింది. అందులో మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపునిగా, కమలాబాయి లీలావతిగా, బాలనటుడు సింధూరి కృష్ణారావు ప్రహ్లాదునిగా నటించారు. కాలాంతరంలో దర్శక నిర్మాతగా దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందిన ఎల్.వి. ప్రసాద్ ఇందులో ఒక చిన్న పాత్ర ధరించారు. చందాల కేశవదాసు పాటలు రచించారు. నేపథ్యగానం మన దేశంలో 1935లో గాని రాలేదు. కావున కమలాబాయి తన పాటలను తానే, నటిస్తూనే పాడవలసివచ్చింది. వాద్యకారులు కెమెరాకు కనబడని చోట కూర్చుండి వాయించేవారు. పాట నడుమ ఎవరు తడబడినా మొదటినుంచి మరల తీయవలసిందే. ‘వన్స్‌మోర్’లకు అలవాటుపడిన సురభి నటికి ఈ పరీక్ష కొత్తది కాదు. కాని డేరా చివరిదాకా వినిపించే గొంతును మైకుకు తగినట్లు తగ్గించుకోవడం, ఎదుట ప్రేక్షకులు లేకుండ యంత్రం ముందు దుఃఖించడం ఆమె కొత్తగా నేర్చుకొనవలసిన పాఠాలు.

ఈ చిత్రం విడుదలైన తేదీ విషయంలో ఒక ముఖ్యాంశం ఉన్నది. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలాకాలం అందరూ విశ్వసించారు. పత్రికా రచయిత రెంటాల జయదేవ ఆనాటి పత్రికలను, సెన్సారు వివరాలను పరిశోధించి, చిత్రానికి 1932 జనవరి 22న సెన్సారు ధ్రువపత్రం లభించిందనీ, ఫిబ్రవరి 6న బొంబాయిలో తొలి ప్రదర్శన జరిగిందనీ నిరూపించారు. ధ్రువపత్రం రాకముందే చిత్రం విడుదల కావడం అసంభవం కదా! పదిమంది చెప్పినంత మాత్రాన ఒక మాట చరిత్ర కాజాలదనీ, ఆధారమే చరిత్రకు ప్రాణమనీ ఈ ఉదంతం నిరూపిస్తున్నది.

1932లోనే కమలాబాయి ‘పాదుకా పట్టాభిషేకం’లో సీతగా, ‘శకుంతల’లో శకుంతలగా నటించారు. అద్దంకి శ్రీరామమూర్తి, యడవల్లి సూర్యనారాయణ వంటి రంగస్థల ప్రముఖులు ఈ చిత్రాలలో ఆమెతో నటించారు. ఈ విధంగా తెలుగు టాకీ తొలి సంవత్సరంలో వెలువడిన మూడు చిత్రాలకూ ఆమెయే నాయిక. 1933లో పోతిన శ్రీనివాసరావు నిర్మించిన ‘పృథ్వీపుత్ర’లోనూ ఆమె నటించారు. ఆమె వేసిన బాటలో రంగస్థలం నుంచి మరికొందరు నటీమణులు తెరకు వచ్చారు. 1935లో ‘హరిశ్చంద్ర’ చిత్రంలో చంద్రమతిగా నటించిన కన్నాంబ వారిలో అగ్రగణ్యురాలు.

కాలం మారింది. కొత్త నాయికలు వచ్చారు. కమలాబాయి తల్లి పాత్రలకు మారారు. 1951లో విడుదలైన ‘పాతాళభైరవి’లో తోటరాముని తల్లి ఆమెయే. అదే సంవత్సరం వచ్చిన ‘మల్లీశ్వరి’లో నాగరాజు తల్లిగా నటించారు. ఒకప్పుడు రాణిగా, సీతగా, శకుంతలగా వెలిగిన నటి పేదింటి తల్లిగా ఒదిగిపోయిన తీరు గమనింపదగినది. ‘పాతాళభైరవి’లో కుమారుని సాహసం చూసి భయపడే ఆ తల్లి మాటలో పద్యనాటకపు బిగ్గరతనం కానరాదు, ఇరుగుపొరుగు ఇంటి పలకరింపు వినబడుతుంది. సురభి కుటుంబంలో పాత్ర చిన్నదా, పెద్దదా అన్న తేడా లేదు. నిన్న రాణి వేషం ధరించినవారు నేడు చెలికత్తె వేషం ధరించడం అక్కడ నిత్యకృత్యం. ఆ శిక్షణయే ఆమెకు ఈ దశలోనూ తోడ్పడిందనవచ్చు. 1971లో ఆమె పరమపదించారు.

ఇక్కడొక విషాదం ఉన్నది. కమలాబాయిని చరిత్రలో నిలిపిన ‘భక్తప్రహ్లాద’ ప్రతి నేడు లభించడం లేదు. ఆమె నాయికగా నటించిన 1932 నాటి చిత్రాలేవీ మనకు దక్కలేదు. ఆనాటి ఫిలిం త్వరగా పాడైపోయే స్వభావం కలది, మంటలకు సులభంగా ఆహుతయ్యేది. ప్రదర్శన ముగిసిన చిత్రాన్ని భద్రపరచాలన్న తలంపు కూడ నాడు అరుదు. నాటకాన్ని శాశ్వతం చేయగలదనుకొన్న చలనచిత్రం సైతం నాటకంవలెనే అంతరించిపోయింది. తెలుగు తొలి కథానాయికను కథానాయికగా చూసే భాగ్యం ఈ తరానికి లేదు. ఆమెను మనం చూడగలిగేది తల్లి పాత్రలలోనే. కావున కళను సృష్టించడం ఎంత ముఖ్యమో, దానిని సంరక్షించుకోవడం కూడ అంతే ముఖ్యం.

అయితే చిత్రాలు నశించినా సంప్రదాయం నశించలేదు. సురభి సమాజాలు అనేక ఒడుదొడుకులను తట్టుకొని, ‘మాయాబజార్’ వంటి నాటకాలను రంగస్థలంపై అద్భుత దృశ్యాలతో తరతరాలుగా ప్రదర్శిస్తూ వచ్చాయి. ఆ కళకు గుర్తింపుగా సురభి బాబ్జీగా ప్రసిద్ధులైన రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ లభించింది. సురభి వేదికపై తల్లి పక్కన నిలబడి తొలి మాట పలికే ప్రతి బాలికలోనూ కమలాబాయి కొనసాగుతున్నారు. పురుషుల గొంతులో వినబడిన సీత, శకుంతల, లీలావతి తమ స్వరంతో తాము మాట్లాడడం తెలుగు టాకీలో ఆమెతోనే మొదలైంది.

కఠిన పదాలు – అర్థాలు

సంధికాలం : రెండు కాలాలు కలిసే సమయం
ప్రభృతులు : మొదలైనవారు
ప్రబలమైన : బలమైన
దుర్లభం : పొందడానికి కష్టమైనది
ఉదంతం : వృత్తాంతం
అగ్రగణ్యురాలు : మొదట లెక్కింపదగినది
నిత్యకృత్యం : రోజూ చేసే పని
ఆహుతి : అగ్నికి సమర్పితమైనది

అభ్యాసం

అ. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సురభి కుటుంబ వ్యవస్థ స్త్రీలు రంగస్థలమెక్కడానికి ఎట్లా తోడ్పడిందో వివరించండి.
2. రంగస్థల నటనకూ తొలినాటి టాకీ నటనకూ గల భేదాలను కమలాబాయి జీవితం ఆధారంగా తెలపండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘భక్తప్రహ్లాద’ విడుదల తేదీ ఏ ఆధారాలతో నిర్ధారణ అయింది?
2. కమలాబాయి జనన వృత్తాంతం ద్వారా మనం గ్రహించవలసిన విషయమేమిటి?
3. తొలి తెలుగు చిత్రాలు నేడు లభించకపోవడానికి కారణాలేమిటి?

ఇ. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. సురభి వారి ‘కీచకవధ’ ప్రదర్శన ఏ సంవత్సరంలో జరిగింది?
2. ‘భక్తప్రహ్లాద’లో కమలాబాయి ధరించిన పాత్ర ఏది?
3. ‘పాతాళభైరవి’లో ఆమె ఎవరికి తల్లిగా నటించారు?