మోటుపల్లి అభయశాసనం

నంద్యాల జిల్లాలోని చాగలమర్రి కర్నూలు–కడప రహదారి మీది ఊరు. అక్కడివారికి సముద్రం దూరం. అయినా రహదారి పక్కన బ్రతికేవారికి బోల్తాపడిన లారీ తెలియనిది కాదు. డ్రైవరును లేవనెత్తే చేతులు కొన్ని, చెదిరిన సరుకును ఏరుకొనే చేతులు కొన్ని. యజమాని దగ్గర లేని సొత్తు ఎవరిది అనే ప్రశ్న అప్పుడే పుడుతుంది. సముద్రతీరంలో ఇది అతి ప్రాచీనమైన ప్రశ్న.

గాలివానకు ఓడ పగిలి, అందులోని సరుకు ఒడ్డుకు కొట్టుకొని వస్తే, పూర్వం పలుదేశాలలో దానిని తీరపు పాలకుడు స్వాధీనం చేసుకొనేవాడు. దైవమే పంపిన ధనం అన్నది వారి సమర్థన. పడమటి తీరంలోని ఏలి రాజ్యంలో, అక్కడికి రాదలచని ఓడ దారితప్పి వచ్చినా దానిని దోచుకొనేవారని ఇటలీ యాత్రికుడు మార్కోపోలో వ్రాశాడు. ప్రాణాలతో బయటపడిన వర్తకుడు కట్టుబట్టలతో నిలిచి, తన సరుకు కోటలోకి తరలిపోవడం చూడవలసివచ్చేది. సముద్రం చేసిన నష్టాన్ని నేల మీది ప్రభువు పూర్తిచేసేవాడన్నమాట!

ఈ ఆచారాన్ని కాకతీయ గణపతిదేవ చక్రవర్తి తన రాజ్యంలో రద్దుచేశాడు. శాలివాహన శకం 1166, అనగా క్రీ.శ. 1244–45లో మోటుపల్లి రేవులో ఆయన వేయించిన అభయశాసనమే ఇందుకు సాక్ష్యం. నేటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని ఆ గ్రామంలో, వీరభద్రాలయ స్తంభం మీద ఈ శాసనం ఉంది. ద్వీపాంతరాలకూ దేశాంతరాలకూ రాకపోకలు సాగించే సముద్రవర్తకులను ఉద్దేశించి చెప్పిన మాటలివి. తుఫానుకు చిక్కి, భగ్నమై, తీరానికి చేరిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైనవాటిని మునుపటి రాజులు బలాత్కారంగా తీసుకొనేవారని శాసనం దాపరికం లేకుండా ఒప్పుకొంటుంది. ప్రాణం కన్నా ధనమే మిన్న అని తలచి సముద్రయానానికి తెగించినవారికి, నిర్ణీత సుంకం మినహా సర్వమూ విడిచిపెడుతున్నామని ప్రకటిస్తుంది. దయ, కీర్తి, ధర్మం ఇందుకు కారణాలని పేర్కొంటుంది.

కీర్తి కోరికను రాజు దాచుకోకపోవడం మెచ్చదగినదే. శాసనంలో కనిపించని కారణం మరొకటి ఉండి ఉండవచ్చు. ఓరుగల్లు కూడా సముద్రానికి దూరమైన నగరమే. సైన్యానికి కావలసిన మేలుజాతి గుర్రాలు అరబ్బు, పారశీక దేశాల నుండి ఓడల మీదనే రావాలి. పగిలిన ఓడను దోచుకొంటే ఆ ఒక్క ఓడ సరుకే దక్కుతుంది. ఆ వార్త విన్న నావికులు మరొక రేవును వెదకుకొంటారు. భయం లేక వచ్చే ఓడ ఏటేటా సుంకం చెల్లిస్తుంది. ఎగుమతి దిగుమతుల మీద ఆ సుంకం ముప్పదింట ఒక వంతు. మంచిగంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు మొదలైన సరుకుల సుంకాల వివరాలను కూడా రాతి మీద చెక్కించారు. రేటు అందరికీ తెలిసినదైతే సుంకరి తన ఇష్టం వచ్చినట్లు వసూలు చేయలేడు. దయాగుణం కన్నా ఈ పట్టికే వర్తకునికి ఎక్కువ ధైర్యమిచ్చి ఉంటుంది.

ముప్పై ఏండ్ల తరువాత, 1275లో, ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు కాలపు చట్టం ఇటువంటి రక్షణనే కల్పించింది. అయితే దానికొక నియమం ఉంది. మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణాలతో బయటపడితేనే ఆ ఓడ సొత్తు యజమానికి మిగులుతుంది. అతడు ఏడాది మీద ఒక రోజులోగా వచ్చి కోరుకోవాలి. ఒక పిల్లి ప్రాణం మీద వర్తకుని సర్వస్వం ఆధారపడిన రోజులవి!

మోటుపల్లి ప్రతిష్ఠ గణపతిదేవునితో ముగియలేదు. మార్కోపోలో ముత్ఫిలి అని పిలిచిన రాజ్యం ఇదేనని చరిత్రకారుల అభిప్రాయం. ఇక్కడి వజ్రాలనూ, సాలెగూడు వంటి సన్నని వస్త్రాలనూ అతడు ప్రశంసించాడు. రాజ్యమేలుతున్న రాణి గతించిన రాజుకు భార్య అని మాత్రం పొరబడ్డాడు. ఆమె గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి. తరువాత 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా మోటుపల్లిలో వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు.

స్వతంత్ర భారతదేశంలో 1958 నాటి వర్తక నౌకాచట్టం ఈ ప్రశ్నకు సమాధానం చెప్పింది. దాని ప్రకారం ఒడ్డుకు వచ్చిన ఓడ సొత్తు దొరికినవారు దానిని అధికారికి అప్పగించవలసి ఉండేది. యజమాని ఏడాదిలోగా హక్కు నిరూపించుకొని, రక్షించినందుకైన ఖర్చులు చెల్లించి తీసుకొనే వీలుండేది. కాని 2025 మే 25న కేరళ తీరానికి దూరంగా ఎం.ఎస్.సి. ఎల్సా 3 అనే ఓడ మునిగినప్పుడు ప్రశ్నే తలక్రిందులైంది. కొల్లం, ఆలప్పుళ తీరాలకు కంటైనర్లు కొట్టుకువచ్చాయి. ఓడలో ప్రమాదకర రసాయనాలు ఉన్నందున వాటిని తాకవద్దని అధికారులు హెచ్చరించారు. ప్లాస్టిక్ గుళికలు ఇసుకలో కలిశాయి. మత్స్యకారుల వేట దెబ్బతిన్నది. ఆ సరుకు తనదని తీసుకొనేవారి కోసం కాక, ఆ నష్టాన్ని భరించవలసినవారి కోసం కేరళ ప్రభుత్వం హైకోర్టును ఆశ్రయించింది.