పెరటి తోటకు కాపలా కాసే మిత్రజీవులు

ఇంటి వెనుక కాస్త స్థలం ఉంటే చాలు, మన కుటుంబాల్లో వంగ, బెండ, టమాట మొక్కలు, రెండు చిక్కుడు పాదులు వేసుకుంటాం. స్థలం లేనివారు డాబా మీద కుండీల్లో పుదీనా, కొత్తిమీర పెంచుకుంటారు. బజారు కూరగాయల మీద ఏ మందు చల్లారో తెలియదు కాబట్టి, పిల్లలకు పెట్టే కూరైనా మన చేతులతో పండించుకోవాలనేది అందరి కోరిక. కానీ చిక్కుడు తీగ మీద నల్లగా పేనుబంక పట్టగానే మనలో చాలామంది చేసే మొదటి పని దుకాణానికి వెళ్లి పురుగుమందు సీసా తేవడం. ఏ విషానికి భయపడి తోట వేశామో ఆ విషమే అప్పుడు ఇంట్లోకి వస్తుంది.

ఇది చిన్న విషయం కాదు. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసినట్లు పరీక్షల్లో తేలింది. ఆ మందును కూరగాయలపై వాడకూడదని మన దేశంలో 2005లోనే నిషేధించారు. అయినా అది పల్లెల్లో, ఇళ్లలో దొరుకుతూనే ఉండేది. పిల్లలకు పాఠాలు చెప్పే మాకు ఈ సంఘటన ఒక హెచ్చరిక. వంట ఇల్లు, పిల్లలు ఉన్నచోట విషం సీసా ఉండకపోవడమే మేలు. అది లేకుండా తోటను కాపాడుకునే మార్గం ఉందా? ఉంది. మన పెరట్లోకి జీతం అడగకుండా వచ్చే కాపలాదారులను గుర్తుపట్టి, వారిని ఉండనివ్వడమే ఆ మార్గం.

మందు కొడితే పురుగు ఎందుకు పెరుగుతుంది?

పేనుబంకలో ఆడ పురుగు జతకట్టకుండానే పిల్లలను పెడుతుంది. వెచ్చని వాతావరణంలో ఆ పిల్లలు వారం పది రోజుల్లో మళ్లీ పిల్లలు పెట్టే దశకు వస్తాయి. దాన్ని తినే అక్షింతల పురుగు మాత్రం గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి మూడు నాలుగు వారాలు తీసుకుంటుంది. మందు చల్లినప్పుడు రెండూ చస్తాయి. ఆకు కింద దాక్కుని మిగిలిన పేనుబంక ముందుగా కోలుకుంటుంది. దాన్ని తినేవారు తోటలో అప్పటికి ఎవరూ ఉండరు. అందుకే పక్షం తిరిగేసరికి తెగులు ముందుకంటే ఎక్కువగా కనిపిస్తుంది. మనం మళ్లీ సీసా తీస్తాం.

ఇక్కడ గ్రహించవలసిన సంగతి ఒకటుంది. తోటలో కొద్దిపాటి పురుగు ఉండటం రోగం కాదు. అది మిత్రజీవులకు తిండి. తిండి లేని ఇంట్లో కాపలాదారు నిలవడు. ఒకటి రెండు కొమ్మలకు పేనుబంక పట్టినా పది రోజులు ఓపిక పట్టగలిగితే, మిగతా పని అవే చేసుకుంటాయి.

ఎవరు మిత్రుడు, ఎవరు శత్రువు?

అక్షింతల పురుగు పేరు మన రైతులందరికీ తెలుసు. కానీ ఆ పేరుతో రెండు రకాల పురుగులను పిలుస్తారు. ఒకటి మిత్రుడు. ఎర్రగా నున్నగా మెరుస్తూ, వీపు మీద ఏడు నల్ల చుక్కలతోనో, వంకర టింకర నల్లటి గీతలతోనో ఉంటుంది. పేనుబంకను, చిన్న చిన్న మెత్తని పురుగులను తింటుంది. రెండోది వంగ ఆకును తినే శత్రువు. మెరుపు లేకుండా, సన్నని నూగుతో, వీపు నిండా చాలా చుక్కలతో ఉంటుంది. అది గీరి తిన్న ఆకు జల్లెడలా ఈనెలతో మిగులుతుంది. దాని పిల్ల పసుపు రంగులో, ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది. ఆ పిల్లలను, ఆకు కింద ఉన్న గుడ్లను చేత్తో ఏరి సబ్బు నీళ్లలో వేస్తే చాలు.

మిత్రుడి పిల్ల వేరుగా ఉంటుంది. నల్లగా, నారింజ మచ్చలతో, బుల్లి మొసలిలా కనిపిస్తుంది. చూడటానికి భయంగా ఉందని చాలామంది దాన్నే ముందు నలిపేస్తారు. నిజానికి పెద్ద పురుగు కంటే ఆకలి దానికే ఎక్కువ. ఎదిగేలోపు అది వందల పేనుబంకలను తింటుంది.

అల్లిక రెక్కల పురుగు లేత ఆకుపచ్చ రంగులో, పారదర్శకమైన రెక్కలతో సాయంత్రం దీపం దగ్గరకు వస్తుంది. దాని గుడ్డు వెంట్రుకలాంటి కాడ చివర నిలబడి ఉంటుంది. ఆకు మీద అలాంటి తెల్లని కాడలు కనిపిస్తే బూజు అనుకుని తుడిచేయకండి. సిర్ఫిడ్ ఈగ తేనెటీగలా కనిపిస్తుంది గాని కుట్టదు. పెద్దది పూల మీద బతుకుతుంది, కాళ్లు లేని దాని పిల్ల మాత్రం పేనుబంకను తింటుంది. పేనుబంకల్లో కొన్ని ఉబ్బి, గోధుమ రంగులో గట్టిపడి, వీపున గుండ్రని రంధ్రంతో కనిపిస్తే సంతోషించండి. ఒక చిన్న కందిరీగ వాటిలో గుడ్డు పెట్టి, తన పిల్లను పెంచుకుని వెళ్లిందన్నమాట.

ఈ చిన్న కందిరీగల బలం తెలియాలంటే బొప్పాయి పిండినల్లి కథ చాలు. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో కనిపించిన ఈ విదేశీ పురుగు బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలను నాశనం చేస్తూ పక్క రాష్ట్రాలకు పాకింది. దాని ఒంటి మీది మైనపు పిండి వల్ల మందులు సరిగా అంటలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి మిల్లీమీటరు లోపు పొడవుండే కందిరీగలను తెప్పించి మన శాస్త్రవేత్తలు పెంచి వదిలారు. తెగులు అదుపులోకి వచ్చింది.

కప్ప, తొండ, పక్షి

రాత్రిపూట తోటలో పని చేసేది కప్ప. లద్దె పురుగులు, చీడ పురుగులు, దోమలు దాని ఆహారం. ఒకప్పుడు మన దేశం కప్ప కాళ్లను పెద్ద ఎత్తున విదేశాలకు పంపేది. పొలాల్లో కప్పలు తగ్గిపోతున్నాయని, పురుగులు పెరుగుతున్నాయని ఆందోళన రావడంతో 1987లో ఆ ఎగుమతిని ప్రభుత్వం నిషేధించింది. పిల్లలు రాళ్లు విసిరే తొండ కూడా పగలంతా పురుగులను ఏరుకు తినేదే. పిచ్చుక గింజలు తినే పక్షే అయినా గూట్లోని పిల్లలకు మెత్తని పురుగులనే తెచ్చి పెడుతుంది. గోరింక మట్టిలో పురుగులను వెతుకుతుంది. మొక్క నాటితే దాని నుంచి పక్షి తిన్నదీ, పశువు తిన్నదీ నాటినవారికి దానంగానే లెక్క అని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఆ పక్షి మన మొక్కకూ కాపలా కాస్తోంది.

పిలవడం ఎలా?

1. పూలు ఉంచండి. మిత్ర కందిరీగలకు, సిర్ఫిడ్ ఈగలకు తేనె, పుప్పొడి కావాలి. కొత్తిమీర, సోపు, ఆవ మొక్కలు కొన్నింటిని కోయకుండా పూతకు వదలండి. గట్టు వెంట బంతి వేయండి.

2. పెరటి చివర నాలుగు అలసంద మొక్కలు వేయండి. వాటికి పేనుబంక త్వరగా పడుతుంది. అక్షింతల పురుగులు ముందు అక్కడికి చేరి, తర్వాత కూరగాయల మీదికి వస్తాయి.

3. లోతు లేని మట్టి పళ్లెంలో నీళ్లు పెట్టి, మధ్యలో ఒక రాయి ఉంచండి. రెండు రోజులకొకసారి పళ్లెం కడిగి నీళ్లు మార్చాలి. లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

4. ఇంటి గుమ్మానికి దూరంగా ఒక మూల ఎండుటాకులు పరిచి, పగిలిన కుండను బోర్లించండి. కప్పకు చల్లని నీడ దొరుకుతుంది. పాముల భయం ఉన్న ప్రాంతాల్లో ఆకులు పలుచగా ఉంచి, చేయి పెట్టే ముందు కర్రతో కదిలించాలి.

5. చీమల మీద కన్నేయండి. పేనుబంక, పిండినల్లి విడిచే తీపి జిగురు కోసం చీమలు వాటికి కాపలా కాసి, మిత్రులను తరిమేస్తాయి. కుండీలను నీళ్లు పోసిన పళ్లెంలో రాళ్ల మీద నిలబెడితే చీమలు ఎక్కలేవు. ఆ నీళ్లనూ రెండు రోజులకొకసారి మార్చాలి.

పురుగు మరీ ఎక్కువైతే

ముందు నీళ్లు జోరుగా కొట్టి పేనుబంకను కడిగేయండి. బాగా పట్టిన చివుళ్లను తుంచి పారేయండి. వంగలో కొమ్మ చివర వాడి వేలాడితే లోపల మొవ్వు తొలిచే పురుగు ఉన్నట్లే. పైన ఏ మందు చల్లినా లోపలికి చేరదు. వాడిన చోటుకు కాస్త కిందికి తుంచి, పురుగుతో సహా నాశనం చేయడమే సరైన పద్ధతి. పుచ్చు కాయలను చెట్టు కింద వదలకూడదు. ఇవేవీ చాలకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి, తేనెటీగలు వెళ్లిపోయిన సాయంత్రం వేళ, పురుగు ఉన్న కొమ్మలకు మాత్రమే చల్లండి. వేపనూనె కూడా తోటంతా చల్లేది కాదు.

మొదటి పంటలోనే అంతా చక్కబడుతుందని మేము చెప్పడం లేదు. మిత్రజీవులు చేరడానికి కొన్ని నెలలు పడుతుంది. కొన్ని కాయలు పుచ్చుతాయి, కొన్ని ఆకులకు చిల్లులు పడతాయి. చిల్లు పడిన తోటకూర ఆకు తినడానికి పనికిరానిదేమీ కాదు. మందు వాసన వేసే నిగనిగలాడే ఆకు కంటే అది మేలు.

ఈ సంస్థకు చేయూతనిచ్చే కుటుంబాల్లో చాలామందికి సొంత ఇల్లు, కొద్దో గొప్పో పెరడు ఉన్నాయి. ఈ వర్షాకాలంలో ఇంట్లో పిల్లలకు ఒక పని అప్పగించండి. వారానికొకసారి ఒకే మొక్క ఆకులను తిప్పి చూసి, మిత్రులు ఎన్ని, శత్రువులు ఎన్ని అని నోటు పుస్తకంలో రాయమనండి. నాలుగు వారాల లెక్క చూశాక సీసా కొనాలో వద్దో మీరే నిర్ణయించుకోండి. ఇప్పటికే ఇంట్లో పాత పురుగుమందు సీసా ఉంటే పిల్లలకు అందకుండా తాళం వేసి పెట్టండి. ఖాళీ డబ్బా అయితే నూనెకు గాని, నీళ్లకు గాని ఎన్నడూ వాడకండి.