శిక్ష కాదు, విచారణ చూడు

మాధవీ,

రాయ్‌పూర్ వెళ్తున్నావు కనుక ఒక పూట అక్కడి జిల్లా కోర్టులో కూర్చోమంటాను. ముందు జయస్తంభ్ చౌక్ చూడు. సోనాఖాన్ జమీందారు వీర్ నారాయణ్ సింగ్‌ను 1857 డిసెంబర్ 10న అక్కడే ఉరితీశారని ఊరంతా చెబుతుంది. 1856 కరువులో ఒక వ్యాపారి గోదాములోని ధాన్యాన్ని ఆకలిగొన్నవాళ్లకు పంచి, ఆ సంగతి తానే డిప్యూటీ కమిషనర్‌కు తెలియజేసిన మనిషి ఆయన. కంపెనీవారి లెక్కలో అది దోపిడీ అయింది. 1987లో వేసిన తపాలా బిళ్ల మీద మాత్రం ఆయన ఫిరంగి ముందు కట్టేసి ఉంటాడు. చావు గురించి రెండు కథలు మిగిలాయి. విచారణలో ఎవరేమన్నారో జనం నోట ఒక్క ముక్కా మిగల్లేదు. మరుసటి నెల ఇంకా ఘోరం: 1858 జనవరి 18న అదే ఊళ్లో కంపెనీ సైన్యపు సార్జెంట్ మేజర్ సిడ్వెల్ హత్య, దానికి 22న 17 మంది సిపాయిలకు ఉరి. నాలుగు రోజుల్లో ఒక్కొక్కరి మాట ఎంతసేపు విని ఉంటారో నువ్వే లెక్కవేసుకో.

ఆనాటి ప్రభుత్వం జనానికి చూపించాలనుకున్నది శిక్షను. నేటి చట్టం తలుపు తెరిచింది విచారణకు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 366వ సెక్షన్ ప్రకారం క్రిమినల్ కోర్టు బహిరంగ కోర్టు. చోటున్నంత వరకు ఎవరైనా కూర్చోవచ్చు. అత్యాచార కేసుల్లాంటివి మూసిన తలుపుల వెనుకే నడుస్తాయి, అది న్యాయం కూడా. జడ్జి వెళ్లమంటే వెళ్లాల్సిందే. పరాయివాళ్ల కష్టం మనకు వేడుకా అంటావేమో. వేడుకగా చూస్తే తప్పే. కానీ ఆ తలుపు తెరిచి ఉంచింది మన సరదా కోసం కాదు, ముద్దాయి రక్షణ కోసం. ఏ సంబంధమూ లేని నలుగురు వింటున్నారంటే సాక్షి, వకీలు, జడ్జి అందరూ కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాన్ని ఫోన్‌లోనే చూడొచ్చు కదా అంటే, చూడు. అయితే బోనులో నిలబడ్డ కూలీ మనిషి అందులో కనబడడు. వాయిదాలతోనే పూట గడిచిపోతుందన్నది మాత్రం కాదనలేని మాట. ఆ విసుగూ చూడదగిందే: నాలుగు రోజుల తొందర ఒక అన్యాయమైతే, ఏళ్ల తరబడి వాయిదా ఇంకొకటి.

లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారణ చూడడానికి యాత్రికులు వెళ్తారు, ఫోన్లు లోపలికి రానివ్వరు. నువ్వూ ఫోన్ కట్టేసి వెనక బెంచీలో కూర్చో. ముద్దాయి తాలూకు ఆడవాళ్ల వైపు తేరిపార చూడకు. తలుపు దగ్గర బంట్రోతు నీ కేసేమిటని అడిగితే, కేసేమీ లేదు, వినడానికి వచ్చానని చెప్పు.

నీ పెదనాన్న