పాత్ర నుంచి చిత్రానికి: ఎస్.వి. రంగారావు జీవితంలో బాధ్యత విస్తరించిన తీరు

వ్యక్తిత్వ వికాసాన్ని వివరించే గ్రంథాలు సాధారణంగా మనిషి ఎదుగుదలను పదవితోనో, ఆదాయంతోనో, పేరు ప్రతిష్ఠలతోనో కొలుస్తాయి. ఆ కొలమానాల విలువ వాటికున్నా, ఒక మనిషి తన చుట్టూ జరిగే పనిని ఎంత మేరకు తన బాధ్యతగా భావిస్తున్నాడన్నది వాటన్నిటికంటే నమ్మదగిన కొలత. తనకు అప్పగించిన భాగాన్ని చక్కగా నెరవేర్చడంతో మొదలైన బాధ్యత, క్రమంగా ఆ భాగం ఇమిడి ఉన్న మొత్తం పనికి విస్తరించడాన్నే ఇక్కడ వికాసంగా గ్రహించాలి. తెలుగు సినిమా చరిత్రలో ఈ విస్తరణను స్పష్టంగా చూపే జీవితం సామర్ల వెంకట రంగారావుది. ప్రేక్షకులు ఆయనను నేపాళ మాంత్రికుడిగా, ఘటోత్కచుడిగా, కీచకుడిగా ఎరుగుదురు గాని, 1967, 1968 సంవత్సరాల్లో ఆయన రెండు చిత్రాలకు దర్శకత్వం వహించిన సంగతి, వాటికి దక్కిన గౌరవంతో సహా, అంతగా చర్చకు రాదు.

కథానాయకుడి స్థానంలో కాక, తండ్రిగానో, జమీందారుగానో, ప్రతినాయకుడిగానో, అంటే కథానాయకుణ్ణి ఎదిరించే బలవంతుడిగానో, కథకు కావలసిన రూపం ధరించి నటించేవారిని క్యారెక్టర్ నటులు అంటారు. కథానాయకుడికి కథ తన చుట్టూ తిరుగుతుందన్న భరోసా ఉంటుంది. క్యారెక్టర్ నటుడికి అది ఉండదు. తాను తెరపై కనిపించే కొద్ది సన్నివేశాల్లోనే తన పాత్ర ఎవరికి మేలు చేస్తుంది, ఎవరికి అడ్డు నిలుస్తుంది, తాను నిష్క్రమించిన తరువాత కథ ఏ దిక్కుకు మళ్ళుతుంది అన్నది తెలుసుకుని నటించకపోతే, ఆ నటన ఎంత గంభీరమైనదైనా కథకు అతకదు. ఈ కారణం వల్ల క్యారెక్టర్ నటన, నిజాయితీగా సాధన చేసినవారికి, దర్శకత్వానికి తొలి పాఠశాల అవుతుంది.

రంగారావు 1918 జూలై 3న అప్పటి కృష్ణా జిల్లాలోని నూజివీడులో జన్మించారు. కాకినాడలో డిగ్రీ చదువుతున్న కాలంలోనే అక్కడి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో వేషాలు వేశారు. చదువు ముగిశాక అగ్నిమాపక శాఖలో అధికారిగా ఉద్యోగం దొరికింది. నటన మీది మక్కువతో దాన్ని వదులుకుని, స్వాతంత్ర్యానికి కొద్దికాలం ముందు తయారైన ‘వరూధిని’లో ప్రవరాఖ్యుడిగా, అంటే ఏకంగా కథానాయకుడిగా, తెరకు పరిచయమయ్యారు. ఆ చిత్రం విజయం సాధించలేదు. ఆ తరువాత మరో అవకాశం రాకపోవడంతో ఆయన జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా సంస్థలో ఉద్యోగంలో చేరారు. నాయక పాత్రతో అడుగుపెట్టి, ఓడి, మళ్ళీ నెల జీతానికి తిరిగి వెళ్ళవలసి రావడం ఆత్మాభిమానం గల కళాకారుడికి చిన్న దెబ్బ కాదు.

బి.ఎ. సుబ్బారావు ‘పల్లెటూరి పిల్ల’లో ప్రతినాయక పాత్రకు పిలిచినప్పుడు రంగారావు ఆ ఉద్యోగాన్నీ విడిచి బయలుదేరారు, కానీ అదే సమయంలో తండ్రి మరణించడంతో ఆలస్యమై, ఆ పాత్ర మరొకరికి వెళ్ళిపోయింది. ఆయనకు మిగిలింది చిన్న వేషం. ఆయన దాన్ని స్వీకరించారు. 1949లో వచ్చిన ‘మనదేశం’లో కూడా చిన్న పాత్రతోనే సరిపెట్టుకున్నారు. ఒకసారి పెద్ద పీట మీద కూర్చున్నవాడు చిన్న పీటను నిరాకరించడం లోకంలో తరచుగా కనిపించే అలవాటు. ఆ నిరాకరణను ఆత్మగౌరవమని పొరబడేవారు ఎందరో ఉన్నారు. రంగారావు తన విలువను పాత్ర పరిమాణంతో ముడిపెట్టుకోలేదు గనుకనే 1950లో విజయా చిత్ర నిర్మాణ సంస్థ తొలి చిత్రం ‘షావుకారు’లో సున్నం రంగడనే వీధి రౌడీ వేషం ఆయనకు నిలదొక్కుకునే చోటు ఇచ్చింది. ఆ చిత్ర దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ స్వయంగా నటనలో చిన్న వేషాలతో మొదలుపెట్టి దర్శకుడైన వ్యక్తి కావడం గమనించదగినది.

1951లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘పాతాళ భైరవి’ ఆయన పేరును ఇంటింటికీ చేర్చింది. కథలో గెలిచేది నాయకుడైన తోట రాముడు. కానీ రంగారావు పోషించిన ప్రతినాయకుడు నేపాళ మాంత్రికుడి పలుకు, నడక, చూపు ప్రేక్షకుడిలో భయాన్నీ ఆకర్షణనూ ఒకేసారి పుట్టించకపోతే ఆ గెలుపుకు బరువు ఉండదు. ఎదుటివాడి విజయానికి అర్థం కల్పించే స్థాయిలో తన బలాన్ని నిలపడం, అదే సమయంలో కథను తనవైపు లాక్కోకుండా నిగ్రహించుకోవడం అనే ఈ రెండు పనులూ ఏకకాలంలో చేయడం కష్టం. మరుసటి ఏడాది ‘పెళ్ళి చేసి చూడు’లో, ముప్పై నాలుగేళ్ళైనా నిండని వయసులో, ధూపాటి వియ్యన్న అనే ముదుసలి జమీందారుగా నవ్వించారు. బి.ఎన్. రెడ్డి ‘బంగారుపాప’లో కఠినుడైన కోటయ్య ఒక పసిబిడ్డ వల్ల మెత్తబడిపోయే క్రమాన్ని, అతి అన్నది దరిచేరనీయకుండా చూపారు.

‘మాయాబజార్’ (1957) విషయంలో కొంత ఆగి ఆలోచించాలి. భారతీయ నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగు విధాలుగా చెబుతుంది: అవయవాల కదలిక ఆంగికం, పలుకు వాచికం, వేషభూషలు ఆహార్యం, లోపలి భావం వల్ల శరీరంలో కలిగే మార్పు సాత్త్వికం. ఘటోత్కచుడి పాత్రలో రంగారావు ఈ నాలుగింటినీ ఎంత స్పష్టంగా తీర్చిదిద్దారంటే, కథలో ఘటోత్కచుడు కథానాయిక శశిరేఖ రూపం ధరించినప్పుడు, ఆ మాయా శశిరేఖను అభినయించిన సావిత్రి ఆంగికంలో ప్రేక్షకుడు వెంటనే రంగారావును గుర్తుపడతాడు. ఇందులో సావిత్రి ప్రతిభ అపారమైనదన్నది నిర్వివాదం. అయితే ఒక పాత్ర స్వభావం మరొక నటి శరీరంలోకి ప్రవేశించి కూడా చెదరకుండా నిలవాలంటే, ఆ స్వభావం మొదట అంత నిర్దిష్టంగా రూపొంది ఉండాలి. తన మనసులోని రూపాన్ని ఇతరులు అందుకోగలిగేటంత స్పష్టంగా చూపగలగడం దర్శకుడికి ప్రధానంగా కావలసిన శక్తి. 1963లో ‘నర్తనశాల’లో కీచకుడిగా నటించి, 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడిగా ఆయన పురస్కారం పొందే నాటికి ఈ శక్తి పూర్తిగా పరిపక్వమైంది.

తెలుగులో నటులు దర్శకత్వం చేపట్టడం అప్పటికి కొత్త కాదు. చిత్తూరు నాగయ్య ‘త్యాగయ్య’నూ, భానుమతి ‘చండీరాణి’నీ, ఎన్.టి. రామారావు ‘సీతారామ కల్యాణం’నూ తీర్చిదిద్దారు. వారంతా తారలుగా వెలుగుతున్నవారు. క్యారెక్టర్ నటుడైన రంగారావు మాత్రం దర్శకత్వానికి ముందు నిర్మాత బాధ్యతను స్వీకరించారు: నల్లని మేనిఛాయ కారణంగా అవమానాలు భరించే స్త్రీ కథను తమిళంలో ‘నానుం ఒరు పెణ్’గా చేసినప్పుడు తాను నటించిన ఆయన, అదే కథను 1965లో ‘నాదీ ఆడజన్మే’గా తెలుగులోకి తెచ్చారు. 1967లో ‘చదరంగం’తో దర్శకుడయ్యారు, దానికి రాష్ట్ర ప్రభుత్వం రజత నంది పురస్కారం ఇచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన ‘బాంధవ్యాలు’కు స్వర్ణ నంది లభించింది. ఇది కూడా ఆయన నటించిన ‘కణ్ కండ దైవం’ అనే తమిళ చిత్రానికి రీమేక్, అంటే ఒక భాషలో వచ్చిన చిత్రాన్ని మరో భాషలో తిరిగి నిర్మించినది. తరువాతి కాలంలో దక్షిణాది భాషలన్నిటిలో ప్రసిద్ధి పొందిన నటి లక్ష్మి తెలుగు తెరకు పరిచయమైంది ఈ చిత్రంతోనే.

ఈ ఎంపికల్లో ఆయన వ్యక్తిత్వం తెలుస్తుంది. ‘చదరంగం’ వచ్చిన 1967లోనే ఏ.వి.ఎం. వారి ‘భక్త ప్రహ్లాద’లో ఆయన హిరణ్యకశిపుడిగా విరాట్ రూపంతో తెరను నింపారు. దర్శకుడిగా స్వేచ్ఛ లభించినప్పుడు తన భారీ విగ్రహాన్నీ, గంభీర స్వరాన్నీ ఇంకా పెద్దవిగా చూపించే పౌరాణికాన్ని ఎంచుకునే వీలు ఆయనకు ఉంది. ఆయన మాత్రం ‘బాంధవ్యాలు’లో అన్నదమ్ముల అనుబంధాన్నీ, ఉమ్మడి కుటుంబంలో పొరపొచ్చాలనూ, పెద్దవాడు మోసే బరువునూ ఎంచుకున్నారు. ఒకసారి లోపలి నుంచి అనుభవించిన కథను రెండోసారి బయట నిలబడి, ప్రతి పాత్ర దృష్టి నుంచీ చూడగలగడం అరుదైన పరిణతి. రీమేక్ అనగానే సులభమార్గమని తీసిపారేయడం ఈ సందర్భంలో న్యాయం కాదు.

ఉద్యోగంలోనో, వృత్తిలోనో మొదటిసారి ఇతరులకు నాయకత్వం వహించవలసి వచ్చినవారు ఈ పరిణామాన్ని శ్రద్ధగా పరిశీలించాలి. అప్పటిదాకా తమ భాగాన్ని మాత్రమే చూసుకున్నవారు కొత్త అధికారం రాగానే ప్రతి పనినీ తామే చేయబూనుతారు, లేదా తమకు బాగా వచ్చిన పనికే అందరి ముందూ పెద్దపీట వేస్తారు. తన పని ఎవరి పనికి ఆసరా, ఎవరి పని తనకు ఆసరా అని చిన్న స్థానంలో ఉన్నప్పుడే గమనించినవారికి ఈ తడబాటు తక్కువ. ఆ గమనింపు పదవి వచ్చిన తరువాత నేర్చుకునేది కాదు. చిన్న వేషం వేస్తున్న రోజుల్లోనే అలవడాలి.

రంగారావు దర్శకత్వం రెండు చిత్రాలతో ఆగింది. ఆ సంఖ్యను చూసి ఆయనను గొప్ప దర్శకుల జాబితాలో చేర్చడం అతిశయోక్తి అవుతుంది. ఆ ప్రయత్నం అవసరం కూడా లేదు. ఆ తరువాత ఆయన మళ్ళీ ఇతరుల దర్శకత్వంలో నటిస్తూ, 1971లో బాపు ‘సంపూర్ణ రామాయణం’లో రావణుడయ్యారు. స్వర్ణ నంది అందుకున్న చిత్రానికి దర్శకుడైన ఆ నటుడు, దాసరి నారాయణరావు తొలిసారి దర్శకత్వం వహించిన ‘తాత మనవడు’లో, ఆ కొత్త దర్శకుడు చెప్పినట్టుగా తాత పాత్ర పోషించారు. 1974 జూలై 18న మద్రాసులో మరణించే వరకూ ఆయన వేషాలు వేస్తూనే ఉన్నారు.