బడి వదిలాక, అమ్మ ఇల్లు చేరేలోపు

కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ దాకా, దక్షిణ తమిళనాడులోని ఈ సీమలో ఏ ఊళ్లో చూసినా బడి ఇంచుమించు నాలుగు, నాలుగున్నరకు వదులుతారు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలోనో, శివకాశి ప్రెస్సులోనో, నూలు మిల్లులోనో, బ్యాంకులోనో పనిచేసే అమ్మానాన్నలు ఇల్లు చేరేసరికి ఆరున్నర అవుతుంది, ఒక్కోసారి ఏడు దాటుతుంది. పిల్లవాడు ఫోన్ వదలడం లేదని దిగులుపడే తల్లులతో నేను ముందుగా మాట్లాడేది ఈ రెండు, రెండున్నర గంటల గురించే. రోజుకు ఎంతసేపు చూడనివ్వాలన్నది తర్వాతి సంగతి. ఆ వేళ ఇంట్లో ఎవరుంటారు, పిల్లవాడు ఎవరి దగ్గర ఉంటాడు? మొదట తేల్చుకోవలసింది ఇది.

ఎంతసేపు అన్నదానికి జవాబు పిల్లల వైద్యులు ఇచ్చేశారు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021 సూచనల ప్రకారం రెండేళ్ల లోపు పసివాళ్లకు తెర అసలు వద్దు. దూరాన ఉన్న నాన్నతోనో మేనమామతోనో ఎప్పుడైనా వీడియో కాల్ మాట్లాడితే ఫరవాలేదు. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటకూడదు, అదీ పెద్దవాళ్లు పక్కనుండగా. ఐదు నుంచి పదేళ్ల వాళ్లకు రెండు గంటల లోపు. ఐదేళ్ల లోపు పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదీ దాదాపు ఇదే.

ఈ లెక్కలు తెలిసిన తల్లులు చాలామంది ఉన్నారు. తెలిసీ ఏమీ చేయలేకపోతున్నారు. “ఇక చాలు, లే” అనేవాళ్లు ఆ సమయానికి ఇంట్లో ఉండాలి కదా! బాణసంచా తయారుచేసే చోటికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. నిప్పుతో పని కాబట్టి ఆ నియమం ఉండాల్సిందే. కానీ అక్కడ పనిచేసే అమ్మకు పొద్దున బస్సెక్కింది మొదలు సాయంత్రం దిగేదాకా బిడ్డ గొంతు వినే వీలుండదు. పట్నాల్లో ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని మధ్యమధ్యలో ఇంటికి ఫోన్ చేసే తల్లులకు రాసిన సలహా ఈమెకు సరిపోదు.

ఇంట్లో అవ్వ ఉంటుందనుకోండి. మోకాళ్ల నొప్పులతో ఒకచోట కూర్చున్న ఆవిడకు మనం ఏం చెప్పి వెళ్తున్నాం? “వాడు ఫోన్ ముట్టుకోకుండా చూడత్తా” అని. ఆ కాపలా పని ఆవిడకు చేతకాదు. మనవడితో గొడవపడి గెలిచే ఓపిక ఆవిడకు లేదు, గెలవాలని కూడా ఉండదు. నాలుగు రోజులు చూసి ఐదో రోజు తానే ఫోన్ చేతికిచ్చేస్తుంది. తప్పు ఆవిడది కాదు, మనం అప్పజెప్పిన పనిది. ఆవిడకు వేరే పని ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఈ సీమ తల్లుల గురించి ఒక మాట ముందు చెప్పాలి. వాన తక్కువ, ఎండ ఎక్కువ అయిన ఈ నల్లరేగడి నేల మీద 1920లలో అగ్గిపెట్టెల పరిశ్రమ మొదలైంది. దశాబ్దాల పాటు అందులో పిల్లల చేత పని చేయించారు. తెల్లవారకముందే పల్లెలకు వచ్చే బస్సులెక్కి వెళ్లి, చట్రాల్లో పుల్లలు పేర్చి, పెట్టెలు అతికించి, చీకటి పడ్డాక ఇల్లు చేరిన పిల్లలు వేలల్లో ఉన్నారు. వాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. శివకాశి ఫ్యాక్టరీల్లో పనిచేసిన పిల్లల కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పింది. ఇప్పుడు నలభై దాటిన ఆడవాళ్లలో ఆ చట్రాల ముందు కూర్చున్నవాళ్లు ఎందరో ఉన్నారు. అలాంటి అమ్మ తన బిడ్డ అడిగిన ఫోన్ కాదనలేకపోతే నాకు కోపం రాదు. తనకు దక్కని తీరిక బిడ్డకైనా దక్కనీ అని ఆమె అనుకుంటుంది. ఆ ప్రేమను తప్పుపట్టి మొదలుపెట్టే సలహా ఆమె చెవికెక్కదు. నేనైతే ఆమెకు ఇలా చెబుతాను: అమ్మా, మీ సాయంత్రాలు అగ్గిపుల్లలకు పోయాయి. మీ బిడ్డకు ఆటలాడుకునే సాయంత్రం ఒకటి ఉండాలనే కదా మీరింత కష్టపడుతున్నారు. ఆ సాయంత్రాన్ని ఇప్పుడు ఫోన్ పట్టుకుపోతోంది. దాన్ని మళ్లీ బిడ్డ చేతికి ఇప్పిద్దాం.

ఎలా? వీధిలో మీలాంటి ఇళ్లు మూడో నాలుగో ఉంటాయి. అందరికీ ఒకే షిఫ్టు ఉండదు. ఒకామెకు రాత్రి షిఫ్టు, ఒకాయనకు మంగళవారం సెలవు, ఇంకో ఇంట్లో కాలేజీ నుంచి నాలుగింటికే వచ్చేసే అమ్మాయి. వారంలో ఏ రోజు ఎవరింటి అరుగు మీద పిల్లలుంటారో నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి. పలహారం ఖర్చు పంచుకోండి. ఆ కాలేజీ అమ్మాయికి నెలకింత ఇవ్వగలిగితే ఇవ్వండి, ఆమె చదువుకూ పనికొస్తుంది. ఇది జరిగే పనేనా అంటారేమో. కరోనా తర్వాత, 2021 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం ‘ఇల్లం తేడి కల్వి’ మొదలుపెట్టినప్పుడు చేసింది ఇదే. ఎక్కడికక్కడ చుట్టుపక్కల వాలంటీర్లే సాయంత్రాలు పిల్లల్ని ఒకచోట చేర్చి గంట, గంటన్నర చదివించారు, పాడించారు, ఆడించారు. ప్రభుత్వం పూనుకుంటే వీధివీధినా జరిగిన పని నాలుగు ఇళ్లు పూనుకుంటే ఒక వీధిలో జరగదా?

బడి నుంచి వచ్చిన పిల్లవాడికి ముందు ఆకలి వేస్తుంది. తినడానికి ఏదైనా ఎదురుగా పెట్టి ఉంచండి. కోవిల్‌పట్టి వేరుశనగ పట్టీకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, మన పిల్లలకు అది ఎప్పటినుంచో సాయంత్రం తిండే. రెండు ముక్కలు, ఒక అరటిపండు, గ్లాసుడు నీళ్లు. తినేటప్పుడు తెర ఉండకూడదన్న ఒక్క నియమం పెట్టి దాన్ని నిలబెట్టినా చాలు, నేను సంతోషిస్తాను. ఆకలితో ఫోన్ ముందు కూర్చున్న పిల్లవాడు ఏం తిన్నాడో ఎంత తిన్నాడో తెలియకుండానే ఏడు దాకా అక్కడే ఉండిపోతాడు.

తిన్నాక బయటికి పంపండి. ఏప్రిల్, మే ఎండల్లో ఐదు దాటాక. మిగతా నెలల్లో వెంటనే. బయటి వెలుతురులో గడిపే సమయానికీ కంటిచూపుకూ సంబంధం ఉంది. తైవాన్ బడుల్లో 2010 నుంచి పిల్లల్ని రోజుకు రెండు గంటలు ఆరుబయట ఉంచే కార్యక్రమం పెట్టాక, ఏటేటా పెరుగుతూ వచ్చిన చూపులోపం తగ్గుముఖం పట్టింది. ఇక కోవిల్‌పట్టి వాళ్లకు ఆట గురించి నేను చెప్పాలా? హాకీకి పేరుపడ్డ ఊరది. కృష్ణానగర్‌లో కృత్రిమ టర్ఫ్ మైదానం ఉంది. 2022లో జకార్తాలో ఆసియా కప్ ఆడిన భారత జట్టులోని మారీశ్వరన్ శక్తివేల్ ఆ ఊరి కుర్రవాడే. అందరూ జట్టులోకి ఎక్కనక్కర్లేదు. కర్ర పట్టుకుని గంటసేపు పరుగెత్తి చెమటతో ఇల్లు చేరిన పిల్ల రాత్రి తొమ్మిదికే నిద్రపోతుంది, ఫోన్ ఇవ్వమని పేచీ పెట్టదు. ఆడపిల్లలకు ఈ అవకాశం తక్కువ దొరుకుతోంది. కొడుకును మైదానానికి పంపి, కూతుర్ని “ఇంట్లోనే ఉండు” అని ఫోన్ ముందు కూర్చోబెట్టే ఇళ్లు నాకు బాధ కలిగిస్తాయి. ఇద్దర్నీ కలిపి పంపండి, వీలైతే ముగ్గురు నలుగురు ఆడపిల్లల్ని జతచేసి పంపండి.

ఇప్పుడు అవ్వ సంగతి. ఇక్కడి తెలుగు ఇళ్లలో భాష నోటి మీదే బతుకుతోంది. పిల్లలు బడిలో చదివేది తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు చదవడం వచ్చినవాళ్లు ఏ కొద్దిమందో ఉంటారు. ఫోన్ కూడా వాళ్లతో ఆ రెండు భాషల్లోనే మాట్లాడుతుంది. తెలుగు వినిపించేది అవ్వా తాతల దగ్గర, అదీ సాయంత్రాలప్పుడు. కోవిల్‌పట్టి పక్కనే ఇడైసేవల్ అనే ఊరుంది. అక్కడ తెలుగు ఇంట్లో పుట్టిన కి. రాజనారాయణన్‌కు బడి చదువు పెద్దగా లేదు. నల్లరేగడి రైతుల మాటను తమిళ సాహిత్యంలోకి తెచ్చి, 1991లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. ఉత్తరాన ఉన్న తెలుగు నేల నుంచి కుటుంబాలు ఇక్కడికి తరలివచ్చి అడవి కొట్టి ఊరు కట్టుకున్న కథ ఆయన ‘గోపల్ల గ్రామం’ నవల. అందులో ఆ వలస కథ చెప్పేది వందేళ్లు దాటిన ఒక అవ్వ. ఊళ్లో ముసలివాళ్ల నోట విన్న కథల్ని పోగుచేయడం ఆయన ఏళ్ల తరబడి చేసిన పని. వినే పిల్లలు లేకపోతే ఆ కథలు ఆయన దాకా వచ్చేవా?

అవ్వకు ఇవ్వాల్సిన పని ఇది. రోజుకొక కథ. కథలు అయిపోతే వాళ్ల పెళ్లి సంగతి, కరువు సంవత్సరం సంగతి, బావి తవ్వినప్పటి సంగతి. మనవడికీ ఒక పని ఇవ్వండి: ఆదివారం ఆ ఫోన్‌తోనే అవ్వ చెప్పేది రికార్డు చేసి, మీరు పక్కనుండగా చెన్నైలోనో తిరుప్పూర్‌లోనో ఉన్న చిన్నాన్నకు పంపాలి. అప్పుడు ఫోన్ వాడికి ఒక పనిముట్టు అవుతుంది. పదేళ్ల పిల్లలు ఈ పనిని ఎంత శ్రద్ధగా చేస్తారో చూస్తే మీకే ముచ్చటేస్తుంది.

ఫోన్ సంగతులు కొన్ని త్వరగా చెప్పేస్తాను. పిల్లవాడు ఇల్లు చేరాడో లేదో తెలియాలని చాలామంది పాత స్మార్ట్‌ఫోన్ ఒకటి ఇంట్లో వదిలి వెళ్తారు. దానికి బటన్ ఫోన్ చాలు. స్మార్ట్‌ఫోన్ ఉండక తప్పదంటే గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టుకోండి, డబ్బు కట్టనక్కర్లేదు. రోజుకు ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి మూతపడాలి అన్నది ముందే అందులో పెట్టేయొచ్చు. పనిచోట ఫోన్ ముట్టుకోలేని అమ్మకు ఇది బాగా అక్కరకొస్తుంది. యూట్యూబ్‌లో ఒక వీడియో అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యే ఆటోప్లే ఆపేయండి. చిన్నపిల్లలకు మీ ఖాతా ఇవ్వకండి, యూట్యూబ్ కిడ్స్ వేరుగా పెట్టండి. మీరు చూసే వీడియోలను బట్టి మీ ఖాతా చూపించేవి ఏడేళ్ల పిల్లకు తగవు. రాత్రి ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో ఒకేచోట ఛార్జింగ్‌కు పెట్టండి, మీ ఫోన్ సహా.

హోంవర్క్ వాట్సాప్‌లో వస్తోంది కాబట్టి ఫోన్ ఇవ్వక తప్పదంటారు. నిజమే, చాలా బడుల్లో అదే అలవాటు. హోంవర్క్ డైరీలో రాయించమని పాఠశాల నిర్వహణ కమిటీ సమావేశంలో నలుగురు తల్లులు కలిసి అడగండి. ఒక్కరు అడిగితే ఫిర్యాదులా వినిపిస్తుంది, నలుగురు అడిగితే ఆలోచిస్తారు.

డబ్బు విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. యూపీఐ పిన్ పిల్లలకు తెలియకూడదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లు ఆడకూడదని తమిళనాడు 2025 ఫిబ్రవరిలో నియమాలు తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు అలాంటి ఆటలనే నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా ఎవరో ఒకరు ఏదో ఒక లింకు పంపుతూనే ఉంటారు. డబ్బు పోతే ఆ రోజే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. దానికంటే ముఖ్యం, జరిగింది పిల్లవాడు మీతో చెప్పగలగాలి. చెబితే కొడతారన్న భయంతో దాచిన సంగతే పెద్దదవుతుంది. ఎవరో తెలియనివాడు ఫొటో అడిగాడని కూతురు చెప్పినప్పుడు మీ నోట మొదట రావలసిన మాట “మంచిపని చేశావు చెప్పి”. ఫోన్ లాక్కోవడం గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు.

మీరు ఇల్లు చేరాక మొదటి పావుగంట బిడ్డకివ్వండి. ఒళ్లు హూనమై వచ్చి ఉంటారు, నాకు తెలుసు. కాళ్లు కడుక్కుని మంచం మీద వాలి ఫోన్ తెరవాలనిపిస్తుంది. ఆ పావుగంట తర్వాత తెరవండి. బిడ్డ పక్కన కూర్చుంటే చాలు, ప్రశ్నలు కూడా అడగనక్కర్లేదు. చూస్తున్న ఫోన్ ఆపించాల్సి వస్తే హఠాత్తుగా లాక్కోకండి. “ఈ ఆట అవగానే ఇచ్చేయాలి” అని ముందు చెప్పి, అవగానే చేయి చాపండి. మొదటి వారం ఏడుస్తారు. మీరు మాట మార్చకపోతే ఆ ఏడుపు తగ్గుతుంది.

ఇవన్నీ చేసినా, నెలల తరబడి పిల్లవాడు తిండీ నిద్రా స్నేహితులూ మాని ఆటలోనే మునిగి ఉంటే, బడికి పోనంటే, ఫోన్ తీస్తే వస్తువులు విసిరికొడుతుంటే, దాన్ని మొండితనం అనుకోకండి. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలోనే చేర్చింది. టెలి మానస్ అనే ఉచిత మానసిక ఆరోగ్య సేవ నంబరు 14416. పగలైనా రాత్రైనా పలుకుతారు, తమిళంతో పాటు తెలుగులోనూ సేవ ఉంది. షిఫ్టు దిగి రాత్రి పదకొండుకు చేసినా ఫరవాలేదు.

వేసవి సెలవుల మాట ఒకటి మిగిలింది. అప్పుడు ఖాళీ రెండున్నర గంటలు కాదు, పొద్దంతా. బయట ఎండ మండుతుంటుంది, ఫ్యాక్టరీకి మాత్రం సెలవుండదు. ఏప్రిల్ మొదట్లోనే ఆ నాలుగు ఇళ్లవాళ్లూ మళ్లీ కూర్చోండి. ఎవరి పిల్లలు ఏ వారం ఏ అమ్మమ్మ ఊరికి వెళ్తారో, పక్కింటి పిల్లను కూడా వెంట తీసుకెళ్లడం కుదురుతుందో లేదో, మధ్యాహ్నం ఎవరి ఇంట్లో నీడ ఎక్కువో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ రాసే పని పిల్లలకే ఇవ్వండి.