పై అంతస్తు, రామచిలక, కాలువ లాంచీ

సందేహం: వేయిస్తంభాల గుడికి 80 మీటర్ల దూరంలో మాకు పాత డాబా ఉంది. చట్టం సడలించారని విన్నాం. పై అంతస్తు వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: మేస్త్రీకి అప్పుడే అడ్వాన్సు ఇవ్వకండి. మీరు విన్నది బహుశా పురాతన కట్టడాల రక్షణ చట్టానికి తెచ్చిన 2017 నాటి సవరణ బిల్లు సంగతి. 2018 జనవరిలో లోక్‌సభ దాన్ని ఆమోదించింది. రాజ్యసభ మాత్రం సెలెక్ట్ కమిటీకి పంపింది. 2019లో లోక్‌సభ రద్దవడంతో బిల్లు మురిగిపోయింది. అది గట్టెక్కినా మీకు ఒరిగేదేమీ లేదు. అందులోని వెసులుబాటు కేంద్రం కట్టే ప్రజా నిర్మాణాలకే. ఇప్పటికి 1958 చట్టం, దానికి 2010లో చేసిన సవరణే దిక్కు. రక్షిత స్థలం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం. పై అంతస్తూ కొత్త కట్టడమే. ఆ తర్వాత మరో 200 మీటర్ల వరకు అనుమతితో కట్టుకోవచ్చు. దూరం గుడి గోడ నుంచి కాదు, హద్దు నుంచి కొలుస్తారు. చాలామంది ఇక్కడే పొరబడతారు. మీ డాబా 1992 జూన్ 16కు ముందుదైతే మరమ్మతులకు దరఖాస్తు పెట్టుకోండి. ఆ తేదీకి ముందు నాటి ఇంటిపన్ను రసీదు ఉంటే భద్రంగా దాచండి.

సందేహం: మా అమ్మ రామచిలకను పెంచుతోంది. ఎప్పటి నుంచో ఉన్నదే. ఇప్పుడు నేరమంటున్నారు, నిజమా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ఇప్పుడే కాదమ్మా, ముందూ నేరమే. పట్టించుకున్నవాళ్లు తక్కువ, అంతే. 2022 సవరణ వన్యప్రాణి చట్టంలోని ఆరు షెడ్యూళ్లను నాలుగుకు కుదించింది, రామచిలకను రెండో షెడ్యూల్లోకి తెచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. అదే సవరణ సాధారణ ఉల్లంఘనలకు జరిమానాను 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా పెంచింది. భయపడి పంజరం తలుపు తీసి వదిలేయకండి. ఇంట్లో పెరిగిన పక్షి బయట మేత వెతుక్కోలేదు, పిల్లి నోట పడుతుంది. అటవీ శాఖ కార్యాలయంలో అప్పగించండి.

సందేహం: ఏలూరు కాలువ జాతీయ జలమార్గమట కదా, లాంచీలు ఎప్పుడొస్తాయి?
– ఒక పాఠకుడు, ఏలూరు

సమాధానం: మీ ఏలూరు కాలువతో సహా కాకినాడ–పుదుచ్చేరి కాలువలను 2008లోనే నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2016 చట్టంతో ఇలాంటి మార్గాలు దేశంలో 111 అయ్యాయి. ప్రకటనతో రవాణా బాధ్యత కేంద్రానికి వెళ్తుంది. లోతు దానంతటదే రాదు, లాకులు వాటంతటవే బాగుపడవు. ఇక 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో నమోదైన పడవ దేశమంతా తిరగొచ్చు, తిరగడానికి నీళ్లుంటే.